గొంతు తీసేసిన పాట

"నా గొంతు తీసీ బావూ, పాటుంచు,"
అంది పరదేశమ్మ
హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుని.
"ఇది నాది కాదు.
నాకు లోపల ఇనిపించీది ఏరే."

కంచరపాలెంలో రైలుకట్ట పక్కన
రెండో అంతస్తు గది నా స్టూడియో.
కిటికీకి పాత పరుపు, గోడలకి కోడిగుడ్ల అట్టలు.
గూడ్సు బండి వస్తే అన్నీ ఆపేసి
పెట్టెలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాం.

రొయ్యల ఫ్యాక్టరీలో ఆమె పని.
ఐసు నీళ్లలో ఎనిమిది గంటలు, తెల్లగా నానిన వేళ్లు.
గొంతు లేకపోతే పాటెలా అవుతుందని అడిగితే నవ్వింది:
"తల తుంచేసినా రొయ్య రొయ్యే గదేటి?"

ఆ రాత్రి మొదలుపెట్టాను.
తెర మీద నీలం రంగులో ఆమె గొంతు,
తినేసిన చేప ముల్లులా
నడుమ వెన్ను, ఇటూ అటూ ముళ్లు.
మ్యూట్ నొక్కాను.
చిన్న ఎర్రదీపం వెలిగింది. అంతే.

మిగిలింది గురువులు క్లారినెట్.
పెళ్లి ఊరేగింపుల్లో ట్రాఫిక్‌తో పోటీపడి
అరవడం నేర్చుకున్న వాయిద్యం.
నెమ్మదించాను, తొంభై ఆరు నుంచి అరవై రెండుకి.
పై స్థాయి కోసేశాను.
అరుపు పోయి, మంచులో దారి వెతుక్కునే మనిషయింది.

దాని కింద పరవడానికి
హార్బరు గోడ బయట ఫోను చాచి పట్టుకొచ్చిన ఓడ కూత.
మా శ్రుతికి అర స్వరం తక్కువ.
ఓడని సవరించబుద్ధి కాలేదు,
పాటనే దించాను.

ప్రతిధ్వనికి ఏ గది కావాలని అడిగింది సాఫ్ట్‌వేర్:
చర్చి, హాలు, గుహ.
ఉప్పుగాలికి తుప్పెక్కిన రేకుల షెడ్డు
ఆ జాబితాలో లేదు.
మర్నాడు జాలర్ల జెట్టీ దగ్గర ఖాళీ ఐసు షెడ్డులో నిలబడి
గట్టిగా ఒక్క చప్పట కొట్టి
అది చచ్చేదాకా రికార్డు చేశాను.
"ఎవులికి బావూ చప్పట్లు?" అన్నాడు కాపలా తాత.

రాత్రి రెండున్నర.
క్లారినెట్ ఊపిరి పీల్చుకునే చోట
ఎవరో ఉన్నారు.
ఆపి చూశాను. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.
ఫ్యాను కాదు, కట్ట మీద బండీ లేదు.
మళ్లీ వేశాను. మళ్లీ ఉన్నారు.

ఒకే గది, రెండు మైకులు.
ఆమె పాడినంతసేపూ
గురువులు మైకులోకి కూడా పడుతూనే ఉంది,
అద్దె ఇళ్లలో
పక్క వాటా పోపు మన అన్నంలోకి వచ్చినట్టు.

చెరిపేద్దామని ఒకచోట గీకాను.
క్లారినెట్ కుంటింది.
వెనక్కి తీసుకున్నాను.
ఆ చోటు ఒక్కటీ కత్తిరించి ఎనిమిదింతలు సాగదీసి
ఐసు షెడ్డులోకి వదిలాను.
మాట పోయింది, తెలుగూ పోయింది,
ఆడో మగో తెలియని ఊపిరి అంచు
రేకు నుంచి రేకుకి తగులుకుంటూ వెళ్లింది.
ఇలా చేయమని ఆమె అడగలేదు.
వద్దన్నదే చేశానేమో కూడా.

మంగళవారం, గోపాలపట్నం బస్టాపు.
ఇయర్‌ఫోన్ ఒకటి ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో.
చేతుల నుంచి బ్లీచింగు వాసన.
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు
రోడ్డు కేసే చూసింది.

"ఈ గాలెక్కడ పట్టినావు?"
"ఐసు షెడ్డులో."
సగం నిజం.
"నా గొంతు నేదు గదా?"
"లేదు."
మిగతా సగం ఏమిటో నాకూ తెలీదు.
"మరెవులో ఉన్నట్టున్నాదే,"
అని ఇయర్‌ఫోన్ చీరకొంగుకి తుడిచి ఇచ్చి
బస్సెక్కేసింది.

బాగుందో లేదో చెప్పలేదు.
ఫైలు ఇంకా 'పేరులేనిది 14' గానే ఉంది.
పేరు పెడదామని కూర్చుంటే
మర్రిపాలెం వైపు నుంచి గూడ్సు వస్తోంది.
ఇరవై రెండు, ఇరవై మూడు,
ఇరవై నాలుగు...